బాత్రూం గ్యాస్ గీజర్ బయటికి: సంక్రాంతి సెలవుల ప్రాజెక్టు డైరీ, విజయనగరం

జనవరి 10

తమ్ముడు నిన్న రాత్రి అట్లాంటా నుంచి దిగాడు. సంక్రాంతికి ఇంటికి రావడం నాలుగేళ్ల తర్వాత ఇదే. సూట్‌కేసులో చాక్లెట్ల కింద, అమ్మ కీళ్లనొప్పుల మాత్రల కింద, అరచేయంత తెల్ల డబ్బా ఒకటి ఉంది. కార్బన్ మోనాక్సైడ్ మీటర్, అంటే మంట సరిగా కాలకపోతే పుట్టే, రంగూ వాసనా లేని విషవాయువుని కొలిచేది. ఇదెందుకురా ఇక్కడ అంటే పెద్ద కథ చెప్పాడు.

వాళ్లు అద్దెకుంటున్న ఇంట్లో, హాల్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉంది. కట్టెల్లా కనిపించే పింగాణీ దుంగలు, మధ్యలోంచి మంట. దానికి చిమ్నీ లేదు. అలాంటివి అక్కడ 'వెంట్‌లెస్' పేరుతోనే అమ్ముతారట. వేడి బయటికి పోదు, నూటికి 99 పాళ్లు ఇంట్లోనే ఉంటుందని దాని గొప్ప. మంటలోంచి వచ్చే మిగతా సరుకు కూడా ఇంట్లోనే ఉంటుంది కదా అంటే, దానికి ఒక సెన్సర్ ఉందంటారు. గదిలో ఆక్సిజన్ మామూలు 21 శాతం నుంచి 18 దగ్గరికి పడితే మంట ఆరిపోతుంది. ఆ సెన్సర్‌కి ఆక్సిజన్ సంగతే తెలుసు. కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో, గొంతు మండించే నైట్రోజన్ డయాక్సైడ్ ఎంతుందో దానికి పట్టదు. కాలిఫోర్నియాలో ఇళ్లల్లో వీటిని పెట్టనివ్వరు. వీళ్లుండే చోట పెట్టుకోవచ్చు.

డిసెంబరంతా రోజూ సాయంత్రం వెలిగించుకున్నారు. వారం తిరిగేసరికి కిటికీ అద్దాలు చెమటలు పట్టి నీళ్లు కారడం, పరదాల వెనక గోడకి నల్లటి బూజు, మరదలికి తలనొప్పి. ఆ నీళ్లు గ్యాస్ కాలితే పుట్టినవే. మన ఎల్పీజీ లెక్కే చూసుకుంటే, కేజీ గ్యాస్ పూర్తిగా కాలితే కేజీన్నర పైన నీటి ఆవిరి, మూడు కేజీల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. వాళ్లది పైపు గ్యాస్. తీరు అదే.

అక్కడ గోడలకుండే మామూలు అలారాలు 30 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 30 పాళ్లు) లోపు అంకెలే చూపించవట. 70 దగ్గర కూడా కనీసం గంట ఆగాకే కూస్తాయి. అందుకని వీడు తక్కువ అంకెలు చూపించే రకం కొన్నాడు. తలుపులు మూసి రెండు గంటలు వెలిగిస్తే 14 చూపించింది. ప్రాణం తీసే అంకె కాదు గానీ, 8 గంటల సగటుకి డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన హద్దు దాదాపు 9. ఆ రోజు నుంచి దాన్ని వెలిగించలేదు. మీటర్ ఇంకోటి అమ్మావాళ్లకని తెచ్చాడు.

నేను పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ చూస్తాను. పదకొండేళ్లయింది. చిమ్నీ లేకుండా ఇంట్లో మంటేమిట్రా, వాళ్లకి బుద్ధి లేదా అని గట్టిగానే నవ్వాను. రాసి పెట్టుకుంటున్నాను, రేపు ఈ నవ్వు పనికొస్తుంది.

జనవరి 11

పొద్దున్నే తమ్ముడు మీటర్ పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. హాల్లో సున్నా. వంటింట్లో మూడు పొయ్యిలూ వెలుగుతుంటే 5. ఇన్వర్టర్ పెట్టిన మూలకెళ్తే 23! మంట లేదు, పొగ లేదు. వాడికి టెన్షన్ పట్టుకుంది. నాకు తెలిసిన రోగమే. ఈ సెన్సర్లు హైడ్రోజన్‌ని కూడా కార్బన్ మోనాక్సైడ్ అనుకుంటాయి. లెడ్ బ్యాటరీ చార్జింగ్ ఎక్కువయితే హైడ్రోజన్ వదులుతుంది. కిటికీ తీశాను, పది నిమిషాల్లో దిగిపోయింది. బ్యాటరీలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందని నాన్నని అడిగితే "దసరాకి పోశాను" అన్నారు. అది వేరే ప్రాజెక్టు.

అసలు సంగతి తొమ్మిదింటికి బయటపడింది. చెల్లి పురిటికొచ్చి ఇక్కడే ఉంది. బాబుకి రెండో నెల. రోజూ నీళ్లు పోయడానికి ఒకామె వస్తుంది, ముందు బాబుకి, తర్వాత చెల్లికి. చలిగాలి తగలకూడదని బాత్రూం తలుపు బిగించేస్తారు. వేణ్నీళ్లు లోపలున్న గ్యాస్ గీజర్‌వే. పని ముగించి ఆవిడ తలుపు తీసింది. ఆవిరి గుప్పున వరండాలోకొచ్చింది. తమ్ముడు అక్కడే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు, మీటర్ చేతిలోనే ఉంది. 19. 34. 58. కూత మొదలెట్టింది.

ఆవిడ బాబుని తువ్వాల్లో చుట్టి అమ్మకి అందిస్తూ, "సూడమ్మా, నీళ్లు పోయగానే ఎలా మత్తుగా పడుకుండిపోయాడో. నా సెయ్యి అలాటిది" అంది. రోజూ అనే మాటే. పసిపిల్లలు స్నానం కాగానే పడుకుంటారు, నాకూ తెలుసు. కానీ మీటర్ అలా కూస్తుండగా ఆ మాట వినేసరికి కాళ్లలో సత్తువ పోయింది. బాబుని అలాగే ఎత్తుకుని మేడ మీదికి తీసుకెళ్లిపోయాను. కాసేపటికి కళ్లు తెరిచి ఏడ్చాడు. ఏడుపు వినడానికి అంత బాగుంటుందని అంతకుముందు తెలీదు.

చెల్లికి రోజూ స్నానం తర్వాత తల బరువు. బాలింత కదా, చలిగాలి తగిలి ఉంటుందని చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి సరిపెట్టాం.

నాన్న ఊరుకోలేదు. కరోనా అప్పటి ఆక్సీమీటర్ తీసి చెల్లి వేలికి తగిలించారు. 98. "బంగారంలా ఉంటేను!" అన్నారు. ఇక్కడే మోసం. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్ని పట్టుకునే దానికంటే రెండొందల రెట్లు గట్టిగా కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టుకుంటుంది. వేలికి పెట్టే క్లిప్పు ఎరుపు రంగు చూసి చెప్తుంది, రెండింటి ఎరుపూ దానికి ఒకటే. మనిషి పడిపోతున్నా 98 చూపించగలదు.

చెల్లినీ బాబునీ పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇద్దరూ బాగానే ఉన్నారన్నారు. రక్తపరీక్ష చేయమంటారా అని అడిగాను. మామూలు గాలి పీలుస్తుంటే నాలుగైదు గంటలకోసారి సగం దిగిపోతుంది, మీరు మధ్యాహ్నం వచ్చారు, ఇప్పుడు చూస్తే పెద్దగా ఏం కనపడదు అన్నారాయన. ఎప్పుడైనా మళ్లీ ఇలా అయితే ముందు బయటి గాలిలోకి తేవాలి, వెంటనే ఆసుపత్రికొచ్చి 'గ్యాస్ గీజర్' అన్న మాట మొదట చెప్పాలి, లేకపోతే మేం కూడా గ్యాస్ట్రిక్ అనుకునే ప్రమాదముంది అన్నారు.

మధ్యాహ్నం ఖాళీ బాత్రూంలో పరీక్ష పెట్టాం.

గది 5 అడుగులు, 7 అడుగులు, ఎత్తు 8. తలుపు పక్క గోడకి గీజర్, కింద మూల సిలిండర్. గీజర్ నెత్తిన గుండ్రటి కన్నం ఉంది, పొగగొట్టం తగిలించడానికి. గొట్టం లేదు. పై వెంటిలేటర్‌కి దోమలొస్తాయని, చలొస్తుందని అమ్మ ప్లాస్టిక్ కవరు మేకులు కొట్టి బిగించింది. ప్లాస్టిక్ స్టూలు మీద మీటర్, దాని ముందు తమ్ముడి ఫోను వీడియో కాల్‌లో. కుళాయి తిప్పి, తలుపు మూసి, ఇద్దరం వరండాలో నా ఫోన్లో చూస్తూ కూర్చున్నాం. టకటకటక, భగ్గు. మొదలైంది.

2 నిమిషాలకి సున్నా. 4కి 9. 6కి 38. 8కి 97. 10 నిమిషాలకి 210. 240 కనపడగానే ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి కట్టేసి తలుపు బార్లా తీశాను.

ఆ అంకెలు పెరిగిన తీరు చూడండి. మొదట గాలి బాగుంది, మంట నీలంగా ఉంది, ఏమీ రాలేదు. గదిలో ఆక్సిజన్ తగ్గి, కాలిన గాలినే బర్నర్ మళ్లీ పీల్చుకునేసరికి మంట సరిగా కాలక అంకె ఎగిరింది. మూడు నిమిషాలు చూసి బాగానే ఉందని వెళ్లిపోయిన మనిషి మోసపోయినట్టే.

రాత్రి కాగితం మీద లెక్క కట్టాను. 20 లీటర్ల బకెట్టు నిండటానికి 4 నిమిషాలు. నీళ్లు 24 డిగ్రీల నుంచి 49కి. అంటే 4 నిమిషాల్లో 500 కిలో కేలరీలు, గంటకి 7,500. 85 శాతం ఎఫిషియెన్సీ అనుకుంటే గంటకి సుమారు 800 గ్రాముల గ్యాస్. 15 నిమిషాల స్నానానికి 200 గ్రాములు. అది కాలడానికి రెండున్నర ఘనపు మీటర్ల గాలి కావాలి. మా బాత్రూంలో ఉన్నదే 8. మూడో వంతు గాలి మంట తినేస్తోంది, మిగతా దాంట్లోకి 600 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది.

తమ్ముడు తన లెక్కలో చెప్పాడు. వాళ్ల ఇళ్ల నిబంధనలు (కోడ్) ఒప్పుకునే చోట కూడా చిమ్నీ లేని హీటర్ బాత్రూంలో పెట్టాలంటే గంటకి 6,000 బీటీయూ (వేడిని కొలిచే అక్కడి కొలత) మించకూడదట. బెడ్రూంలో 10,000. మన గీజర్ ఎంతరా అన్నాడు. గుణించి చూశాను. 35,000.

నిన్నటి నవ్వు గుర్తొచ్చింది. రోజూ 30 మీటర్ల చిమ్నీ కింద నిలబడి అందులోంచి పోయే కాలిన గాలి (ఫ్లూ గ్యాస్) రీడింగులు రాసే మనిషిని. చిమ్నీ లేకుండా బాయిలర్ వెలిగిస్తానంటే మా దగ్గర ఎవరూ ఒప్పుకోరు. ఇంటికొచ్చి ఆ గీజర్ కింద మూడేళ్లుగా పాటలు పాడుకుంటూ స్నానం చేస్తున్నాను.

జనవరి 12

బాబుకీ చెల్లికీ దొడ్లో రాగి కాగులో నీళ్లు. అమ్మకి అది నచ్చింది, భోగి ముందు పండగలా ఉందంది.

గీజర్ పెట్టెలోంచి కాగితాలు వెతికి తీశాను. బిగించే పద్ధతి బొమ్మలేసి మరీ ఉంది: స్నానం చేసే గదిలో పెట్టొద్దు, గాలి ఆడే చోట పెట్టండి. బిగించడానికి వచ్చిన కుర్రాడు పైపు ఎక్కడ దగ్గరైతే అక్కడ పెట్టేసి సంతకం పెట్టించుకుని వెళ్లాడు. కాగితం చదవకుండా సంతకం పెట్టింది నేను.

మొదటి ప్రయత్నం, డబ్బు ఖర్చు లేనిది. వెంటిలేటర్ ప్లాస్టిక్ పీకేశాం. తలుపు కింద అంగుళం చెక్క కోశాం, గాలి లోపలికి రావాలి కదా. 12 నిమిషాలకి 35. తగ్గింది, సరిపోలేదు. పైగా అమ్మ రెండ్రోజుల్లో ఆ ప్లాస్టిక్ మళ్లీ కొట్టదని నమ్మకం ఏమీ లేదు.

రెండో ప్రయత్నం ఎగ్జాస్ట్ ఫ్యాను. గంటస్తంభం దగ్గర పండగ రద్దీలో దారి దొరకడానికే ముప్పావు గంట. చెరుకు గెడలు, గొబ్బి పూలు, కొత్త బట్టల సంచులు, వాటి మధ్య నేను ఫ్యాను డబ్బా నెత్తిన పెట్టుకుని. సాయంత్రానికి వెంటిలేటర్‌లో బిగించాం. 12 నిమిషాలకి 11. ప్రాజెక్టు అయిపోయిందనుకున్నాం. నాన్న టీ ఇప్పించారు.

ఏడింటికి నాన్నే స్నానానికెళ్లారు. మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. గీజర్ ఆగలేదు! దాని స్పార్కుకీ వాల్వుకీ కరెంటు అక్కర్లేదు, కింద రెండు పెద్ద బ్యాటరీలుంటాయి. కరెంటు పోయినా వేడినీళ్లొస్తాయని గొప్పగా చెప్పుకునే గుణమే ఇది. ఇప్పుడు వెంటిలేటర్ కన్నం కూడా ఆగిపోయిన ఫ్యాను రెక్కలతో సగం మూసుకుపోయి ఉంది, అంటే ఫ్యాను లేనప్పటి కంటే అన్యాయం. నాన్న చీకట్లో సబ్బు వెతుక్కుంటున్నారు, మీటర్ కూత అందుకుంది. తువ్వాలుతో బయటికొచ్చి, "ఇది బాత్రూమా, మీ ఫ్యాక్టరీయా?" అన్నారు.

తమ్ముడు ఫ్యాన్ తిరుగుతుంటేనే గీజర్ వెలిగేలా ఇంటర్‌లాక్ పెడదామన్నాడు. వద్దన్నాను. ఇంటర్‌లాక్‌కి చిన్న వైరు ముక్క అడ్డం పెట్టి నడిపించేసిన వాళ్లని నా సర్వీసులో చూశాను. చలికాలం పొద్దున్న ఫ్యాను వద్దు, నీళ్లు కావాలి అనుకునే మనిషి ఆ పని చేయకుండా ఉండడు. ఆ మనిషి మా ఇంట్లోనే ఉన్నారు.

మంటా, స్నానం చేసే మనిషీ ఒకే గాలి పీలుస్తున్నంత కాలం ఇదే గొడవ. గీజర్ బయటికెళ్లాలి.

భోగి నుంచి ముక్కనుమ దాకా

పని ఏమీ జరగలేదు. ఊళ్లో మేస్త్రి దొరకడు, దొరికినా గోడకి కన్నం పెట్టనివ్వదు అమ్మ. భోగి మంట దగ్గర తమ్ముడు మీటర్ తీయబోతే చెయ్యి మీద కొట్టింది. సాంబ్రాణి వేసినప్పుడు మాత్రం దొంగచాటుగా చూశాం. బొగ్గుల మీద సాంబ్రాణి, చిన్న గది, తలుపులు మూసి: 44. బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు మా నాయనమ్మ కాలంలో ఉండేది. అప్పటి ఇళ్లకి పెంకు సందులుండేవి, గాలి దానంతటదే ఆడేది. స్లాబు వేసి, కిటికీలకి అల్యూమినియం తలుపులు పెట్టుకున్నాక ఆ కుంపటి అలాగే ఉంది, సందులు లేవు. చెల్లి గదిలోంచి బొగ్గులు తీయించేశాను. అమ్మ కోపం సాయంత్రం దాకా ఉంది, అరిసెల దగ్గర తగ్గింది.

జనవరి 17

డ్యూటీకి మీటర్ పట్టుకెళ్లాను. మా సేఫ్టీ వాళ్ల దగ్గర డిటెక్టర్లు సరిచూసే గ్యాస్ ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ 100 పీపీఎం. అడిగి మీటర్‌కి పట్టించాను. 92 చూపించింది. ఇంటి పనికి చాలు. మన 240 నిజానికి ఇంకొంచెం ఎక్కువేనన్నమాట.

సేఫ్టీ ఆయన ఒక మాట అన్నాడు. గ్యాస్ లీకవుతే వాసనొస్తుంది కదా అని జనం ధైర్యంగా ఉంటారు. ఆ వాసన కాలని గ్యాస్‌కి కలిపింది, మెర్కాప్టన్. కాలాక వాసన ఉండదు. వాసన లేదంటే లీకు లేదని మాత్రమే అర్థం.

జనవరి 18

మేస్త్రి వచ్చాడు. చూసి పెదవి విరిచాడు. "బయట పెట్టీస్తే గాలికి ఆరిపోద్ది బావూ. ఊళ్లో అందరూ లోపలే పెట్టీసుకున్నారు. ఎవులికేటయింది?"

వాదించలేదు. ఖాళీ బాత్రూంలో మళ్లీ అదే పరీక్ష పెట్టి ఫోన్లో చూపించాను. 100 దాటేసరికి బీడీ పక్కన పెట్టాడు. "మా ఇంట్లో కూడా ఉందండి ఇది," అన్నాడు మెల్లిగా. ఆ తర్వాత పని చకచకా నడిచింది.

కావలసినవి: అరంగుళం సీపీవీసీ పైపు 10 అడుగులు (వేడినీళ్లకి మామూలు పీవీసీ వాడకూడదు, మెత్తబడుతుంది), ఎల్బోలు ఆరు, ఇత్తడి మరలున్న జాయింట్లు రెండు, క్లాంపులు, టెఫ్లాన్ టేపు, గ్యాస్‌కి ఐఎస్‌ఐ ముద్ర ఉన్న కొత్త రబ్బరు ట్యూబు. పాత ట్యూబు మీద తేదీ చూస్తే అయిదేళ్లు దాటింది. మార్చాల్సిన గడువు కూడా అయిదేళ్లే.

దొడ్డి గోడకి, సన్‌షేడ్ కింద గీజర్ బిగించాడు. గోడకి రెండు కన్నాలు, చన్నీళ్లు ఇటు, వేణ్నీళ్లు అటు. సిలిండర్ కూడా బయటే, నిలువుగా, నీడలో. మొదట తూము పక్కన పెట్టబోయాడు, జరిపించాను. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకయితే నేల మీద పాకి తూములోకి దిగి కూర్చుంటుంది. సబ్బు నురగ రాసి ప్రతి జాయింటూ చూశాం. రెగ్యులేటర్ దగ్గర ఒక్క బుడగ వచ్చింది. లోపలి రబ్బరు వాషరు అరిగింది. అలాంటివి మనకి చేతకాకపోతే గ్యాస్ లీకులకి 1906 నంబరుంది, రాత్రయినా ఎత్తుతారు.

సాయంత్రం గీజర్ వెలిగించి, బాత్రూంలో మీటర్ పెట్టి, ఇక సున్నాయేనని అందరం చూస్తున్నాం. 3. 8. 14.

గీజర్ బయట, గ్యాస్ బయట, మంట బయట. మరిదెక్కడిది? నేను దొడ్లోకెళ్లి గీజర్ నెత్తిన చెయ్యి పెట్టాను. వేడిగాలి నిటారుగా పైకి పోతోంది. సన్‌షేడ్‌కి తగిలి పక్కకి తిరుగుతోంది. ఆ పక్కనే వెంటిలేటర్. మా కొత్త ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపి ఉంది, కన్నం తెరిచి ఉంది. పైపు దగ్గరవుతుందని మేస్త్రి సరిగ్గా వెంటిలేటర్ కింద బిగించాడు, నేనూ పక్కనే ఉండి చూడలేదు. రోజూ చిమ్నీ గాలి ఎటు వీస్తుందో చూసే నా కళ్లకి అది ఆనలేదు.

జనవరి 19

గీజర్ని ఆరడుగులు పక్కకి జరిపాం, సన్‌షేడ్ అయిపోయే చోటికి. నెత్తిన గొట్టం పెట్టి ఎల్బోతో బయటికి తిప్పి, వాన పడకుండా టోపీ. పాత కన్నాలు సిమెంటుతో మూసేశాం. కొత్త కన్నాల చుట్టూ కూడా సందు లేకుండా పూత.

బాత్రూంలో: 15 నిమిషాలు, సున్నా. కరెంటు మెయిన్ ఆపి మళ్లీ: సున్నా. తలుపు తీసి, మూసి, ఫ్యాను వేసి, ఆపి: సున్నా. తమ్ముడు అన్నీ వీడియో తీశాడు, మరదలికి పంపడానికి.

మేస్త్రి చెప్పిన గాలి బెంగ మాత్రం నిజమే. సాయంత్రం గాలి తిరిగితే మంట రెండుసార్లు ఆరింది. నాన్న వెల్డింగ్ షాపుకెళ్లి రేకు పెట్టె ఒకటి చేయించుకొచ్చారు, ముందు తలుపు, గొళ్లెం, అయిదు వైపులా మూత. బీరువాలా ఉంది. గీజర్‌కి కింద నుంచి గాలి అందాలి, పైనుంచి పొగ పోవాలి, ఇందులో పెడితే లోపల బాత్రూం కట్టినట్టే అని చెప్తే ఆయన మొహం చిన్నబోయింది. పారేయలేదు. కింద రేకు మొత్తం తీయించి, పైన నాలుగు వేళ్ల సందు వదిలి, రెండు పక్కలా మాత్రం ఉంచాం. గాలి సూటిగా తగలదు. మళ్లీ ఆరలేదు.

ట్యాంకు ఒంటి మేడ మీద, ప్రెషర్ తక్కువ. గీజర్ వెలగాలంటే నీళ్లు కాస్త గట్టిగా తొయ్యాలి. చన్నీళ్ల వైపు జాలీ విప్పితే సున్నపు పెచ్చులు, ఒక చిన్న నత్తగుల్ల. కడిగి పెట్టాక సరిగ్గా వెలిగింది.

ఖర్చు మొత్తం 3,350. అందులో రేకు పెట్టె 900. ఎగ్జాస్ట్ ఫ్యాను వేరు, అది ఉంది కాబట్టి ఉంచాం, తేమ పోతుంది.

జనవరి 26

తమ్ముడు నిన్న వెళ్లిపోయాడు. వాళ్ల ఓనరుకి రాయాల్సిన మెయిల్ ఇక్కడే కూర్చుని రాసుకున్నాడు: ఫైర్‌ప్లేస్ గ్యాస్ వాల్వు శాశ్వతంగా మూయించండి, కాదంటే పైకి గొట్టం ఉన్న రకం పెట్టించండి. వాళ్లు ఏమంటారో చూడాలి.

అమ్మ ఫిర్యాదు: వేణ్నీళ్లు వచ్చేలోగా ఒక చెంబుడు చన్నీళ్లు వృథా. పైపు లోపల నిలిచిన నీళ్లవి. కొలిచాను, అర లీటరు కూడా లేదు. చెంబు పట్టి తులసికి పోస్తోంది. ఫిర్యాదు మాత్రం మానలేదు. ఈలోగా వంటింటి పొయ్యి పెద్ద బర్నరు పసుపు మంట మండుతోందని, గిన్నెల అడుగు మసి పడుతోందని చూపించింది. కన్నాలు సూదితో పొడిచి కడిగాను. మంట నీలంగా తిరిగింది, మీటర్ 5 నుంచి 2కి వచ్చింది. మా పొయ్యి మీది చిమ్నీ గొట్టం లేని రకం, గాలిని పీల్చి జాలీలోంచి మళ్లీ వంటింట్లోకే వదిలేది. నూనె జిడ్డు ఆగుతుందేమో గానీ ఈ గ్యాస్ ఆగదు. వంట చేసేటప్పుడు కిటికీ తీయడం ఒక్కటే ప్రస్తుతానికి.

ఫిబ్రవరి 4, రథసప్తమి

తల మీద జిల్లేడాకులు, రేగాకులు పెట్టుకుని అందరం తెల్లవారుజామునే స్నానాలు చేశాం. నీళ్లు పోసే ఆవిడ బాబు నెత్తిన కూడా చిన్న ఆకు పెట్టింది. తలుపు మూసే చేశారు, చలి ఇంకా తగ్గలేదు. మీటర్ గూట్లో పెట్టి ఉంచాను. సున్నా.

స్నానం అయ్యాక బాబు పడుకోలేదు. గంటసేపు కాళ్లు కొట్టుకుంటూ ఫ్యాను వైపు చూస్తూ ఆడుకున్నాడు. "ఇదేటమ్మా, ఈ మజ్జినుంచి పడుకోడం లేదు, నా సేతికి దిష్టి తగిలింది" అని ఆవిడ బాధపడుతోంది. నిద్ర సంగతి నేనేమీ అనలేదు. గీజర్ బయటికెందుకు మార్చామో మాత్రం వివరంగా చెప్పాను. విని, తను నీళ్లు పోసే ఇంకో మూడిళ్ల పేర్లు చెప్పింది. మూడింట్లోనూ గీజర్ లోపలే ఉందట.

మీటర్ ఆవిడ చేతికే ఇచ్చి పంపాను. ఎరుపు లైటు వెలిగితే బిడ్డనెత్తుకుని బయటికొచ్చేయమని, మిగతాది తర్వాత చూద్దామని చెప్పాను. సాయంత్రం మొదటి ఇంటి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. మేస్త్రి నంబరు కావాలన్నాడు.